స్కేలు పెట్టి కొలిచిన రైబోసోమ్: ఒక బోధన నమూనా సమీక్ష

కణం గురించి పాఠం చెప్పేటప్పుడు మైటోకాండ్రియాకు లోపలి మడతలు గీస్తాం, కేంద్రకానికి రంధ్రాలున్న పొర గీస్తాం, రైబోసోమ్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం సుద్దముక్కతో ఒక చుక్క పెట్టి ఊరుకుంటాం. ప్రోటీన్‌లు తయారయ్యేది ఆ చుక్కలోనే అని ఒక వాక్యం చెప్పి తరువాతి అంశానికి వెళ్ళిపోతాం. ఆ చుక్కను విప్పి చూపించాలన్న ఉద్దేశంతో ఏడాది కిందట విడదీసి మళ్ళీ అమర్చుకోగల ప్లాస్టిక్ నమూనా ఒకటి తెప్పించుకున్నాను. వరుసగా రెండు తరగతులకు దానితోనే పాఠం చెప్పాను గనుక దాని మంచీ చెడూ చెప్పే అర్హత వచ్చిందనుకుంటున్నాను.

పెట్టెలో ఉన్నవి ఇవి: రైబోసోమ్‌లోని రెండు ముక్కలు, అంటే మధ్యకు విడిపోయే పెద్ద ఉపప్రమాణం, విడిపోని చిన్న ఉపప్రమాణం, అమైనో ఆమ్లాలను మోసుకొచ్చే టీఆర్‌ఎన్‌ఏలు మూడు (అయస్కాంతాలు పొదిగినవి), ప్రోటీన్ తయారీకి ఆదేశాలు మోసే ఎంఆర్‌ఎన్‌ఏకు గుర్తుగా అక్షరాలు అచ్చువేసిన రిబ్బను, అమైనో ఆమ్లాలకు బదులుగా కొక్కేలున్న రంగు పూసలు, యాంటీబయాటిక్‌లను సూచించే నాలుగు ఎర్ర మేకులు, ఒక చిన్న పుస్తకం. ఇది బాక్టీరియా రైబోసోమ్ నమూనా. ప్లాస్టిక్ గట్టిది, అంచులు నున్నగా ఉన్నాయి, ఎన్నిసార్లు విప్పి బిగించినా అతుకులు వదులు కాలేదు. తయారీ పనితనం గురించి ఇంతకంటే చెప్పవలసింది లేదు.

ఈ నమూనాలో నాకు అన్నిటికంటే నచ్చినది దాని కొలత. పెట్టె మీద కోటి రెట్లు అని రాసి ఉంది. మొదట దీన్ని ప్రచారపు మాటగానే తీసుకున్నాను గాని, లెక్క వేసి చూస్తే దానిలో ఒక గొప్ప సౌకర్యం కనిపించింది. ఆంగ్‌స్ట్రామ్ అంటే మీటరులో వెయ్యి కోట్ల వంతు. దాన్ని కోటి రెట్లు పెంచితే సరిగ్గా ఒక మిల్లీమీటరు అవుతుంది. అంటే విద్యార్థి జేబులోని మామూలు స్కేలు ఈ నమూనా మీద ఆంగ్‌స్ట్రామ్‌ల స్కేలుగా పనిచేస్తుంది. పరిశోధన పత్రాలలో ఏ దూరం కనబడినా దాన్ని నేరుగా బల్ల మీద కొలిచి చూపవచ్చు. ఇదే కొలతలో రెండు మైక్రాన్ల పొడవున్న బాక్టీరియా 20 మీటర్ల హాలు అవుతుంది. వేగంగా పెరుగుతున్న ఈ.కోలై అనే బాక్టీరియా కణమైతే అలాంటి హాలులో, రెండు చేతులతో పట్టుకోవలసిన ఈ వస్తువులు పదుల వేల సంఖ్యలో కిక్కిరిసి ఉంటాయి. ఈ ఒక్క లెక్క చెప్పినప్పుడు తరగతిలో పడిన నిశ్శబ్దం, మిగతా పాఠమంతటికీ పడలేదు.

కొలత అంత కచ్చితంగా ఉందని చెప్పుకున్న వస్తువును కొలిచి చూడడం న్యాయమే గనుక నేను స్కేలు తీశాను. టీఆర్‌ఎన్‌ఏ పరీక్షలో నెగ్గింది. అక్షరం ‘ఎల్’ ఆకారంలో ఉండే ఈ అణువులో ఒక కొసన కోడాన్‌ను (ఎంఆర్‌ఎన్‌ఏలో ఒక అమైనో ఆమ్లాన్ని సూచించే మూడక్షరాల మాటను) చదివే యాంటీకోడాన్, రెండవ కొసన అమైనో ఆమ్లాన్ని మోసే సీసీఏ అనే మూడక్షరాలు ఉంటాయి. వాటి మధ్య దూరం సుమారు 75 ఆంగ్‌స్ట్రామ్‌లు. నమూనాలో అది 76 మిల్లీమీటర్లు వచ్చింది. ఈ దూరం ఎందుకు ముఖ్యమో నమూనాను అమర్చగానే తెలిసిపోతుంది. చదవడం చిన్న ఉపప్రమాణంలో జరుగుతుంది, అతకడం పెద్ద ఉపప్రమాణంలో జరుగుతుంది. ఆ రెండు గదులను కలిపే వంతెన టీఆర్‌ఎన్‌ఏ ఒక్కటే.

రంగుల విషయంలో మాత్రం తయారీదారు చేసినది చిన్న పొరపాటు కాదు. పెద్ద ఉపప్రమాణం మొత్తానికీ ప్రోటీన్‌కు కేటాయించిన నీలి రంగు వేసి, దాని మీద ఆర్‌ఎన్‌ఏను సన్నని బూడిద రంగు తీగలాగా చుట్టారు. దీన్ని చూసిన విద్యార్థి రైబోసోమ్ అంటే ప్రోటీన్ యంత్రమనీ, ఆర్‌ఎన్‌ఏ దానికి కట్టిన తాడనీ అనుకోక తప్పదు. వాస్తవం దీనికి పూర్తిగా విరుద్ధం. బాక్టీరియా రైబోసోమ్ బరువులో దాదాపు మూడింట రెండు వంతులు ఆర్‌ఎన్‌ఏయే. ఈ.కోలైలో చిన్న ఉపప్రమాణపు 16ఎస్ అనే ఆర్‌ఎన్‌ఏలో 1542 న్యూక్లియోటైడ్‌లు (ఆర్‌ఎన్‌ఏ అక్షరాలు), పెద్ద ఉపప్రమాణపు 23ఎస్ ఆర్‌ఎన్‌ఏలో 2904, 5ఎస్‌లో 120 ఉంటాయి. ఇవి మడతలు పడి కుదించుకున్న ఆకారమే రైబోసోమ్ ఆకారం. యాభైకి పైగా ఉన్న ప్రోటీన్‌లు ఎక్కువగా బయటి ఉపరితలానికి అంటుకొని ఉండి, పొడవైన తోకలను ఆర్‌ఎన్‌ఏ మడతల మధ్యకు చొప్పిస్తాయి. రెండు ఉపప్రమాణాలు ఎదురెదురుగా కలిసే ముఖం, అంటే అసలు పని జరిగే చోటు, చాలా వరకు ఆర్‌ఎన్‌ఏతో నిండి ఉంటుంది.

రంగు గురించి ఇంతగా పట్టుబట్టడానికి కారణముంది. అమైనో ఆమ్లాలను కలిపే పెప్టైడ్ బంధాన్ని ఏర్పరచేది ప్రోటీనా, ఆర్‌ఎన్‌ఏనా అన్నది దశాబ్దాల పాటు తేలని ప్రశ్న. 1992లో హ్యారీ నోలర్ బృందం పెద్ద ఉపప్రమాణం నుంచి ప్రోటీన్‌లను దాదాపు పూర్తిగా తొలగించినా బంధాలు ఏర్పరచే శక్తి మిగిలే ఉందని చూపింది. అయినా ఎక్కడో మిగిలిన ప్రోటీన్ ముక్కలే ఆ పని చేస్తున్నాయేమోనన్న అనుమానం తీరలేదు. 2000లో థామస్ స్టైట్జ్, పీటర్ మూర్ బృందం ఉప్పు నీటిలో బతికే హాలోఆర్కులా మారిస్మార్టుయి అనే ఆర్కియా (బాక్టీరియా కాని మరో ఏకకణ జీవుల వర్గం) జీవి పెద్ద ఉపప్రమాణాన్ని 2.4 ఆంగ్‌స్ట్రామ్‌ల స్పష్టతతో చూపినప్పుడు, బంధం ఏర్పడే చోటుకు 18 ఆంగ్‌స్ట్రామ్‌ల దూరంలోపల ప్రోటీన్ ఏదీ లేదని తేలింది. నేను స్కేలును నమూనాలోని ఆ చోట ఆనించి, మొదటి నీలి దిమ్మె ఎక్కడ తగులుతుందో చూశాను: నాలుగు మిల్లీమీటర్లు. బాక్టీరియాలో ఎల్27 అనే ప్రోటీన్ తోక ఆ ప్రాంతానికి చేరుతుందన్న మాట నిజమే, తయారీదారు తరఫున ఆ వాదన నేనే వినిపించగలను. కాని ఇక్కడ ఉన్నది తోక కాదు, ఉండ. పైగా ఆ ప్రోటీన్ లేకుండా చేసిన ఈ.కోలై కూడా మందకొడిగానైనా పెరుగుతుంది. నేను చివరికి బూడిద రంగు డబ్బా తెచ్చి, ఉపప్రమాణాలు కలిసే ముఖానికంతటికీ పూత వేసుకున్నాను.

అక్కడ ఆర్‌ఎన్‌ఏ చేసే పని ఏమిటో చెప్పేటప్పుడు నమూనా మళ్ళీ అక్కరకు వచ్చింది. రైబోసోమ్ బంధాన్ని సుమారు కోటి రెట్లు వేగవంతం చేస్తుంది, ఆ వేగంలో ఎక్కువ భాగం రెండు అణువులను ఎదురెదురుగా సరైన కోణంలో పట్టి నిలపడం వల్లనే వస్తుంది. రెండు టీఆర్‌ఎన్‌ఏలను ‘ఏ’ (కొత్త టీఆర్‌ఎన్‌ఏ వచ్చే చోటు), ‘పీ’ (పెరుగుతున్న గొలుసును పట్టుకున్న టీఆర్‌ఎన్‌ఏ ఉండే చోటు) గదులలో దించగానే వాటి కొసలు వాటంతట అవే తిరిగి ఒకదానికొకటి తాకేలా అయస్కాంతాలను అమర్చారు. ఆ చిన్న ‘టక్’ శబ్దం నా వివరణ కంటే బాగా పనిచేసింది.

పూసల కొక్కేలను రూపొందించినవారు విషయం తెలిసినవారని నా నమ్మకం. కొత్తగా వచ్చిన అమైనో ఆమ్లం వెళ్ళి పాత గొలుసు చివర అతుక్కుంటుందని విద్యార్థులు సాధారణంగా ఊహించుకుంటారు. జరిగేది అది కాదు: పీ గదిలోని టీఆర్‌ఎన్‌ఏ మీద ఉన్న గొలుసు మొత్తం అక్కడ నుంచి ఊడి, ‘ఏ’ గదిలో కొత్తగా వచ్చిన అమైనో ఆమ్లం మీదికి మారుతుంది. ఈ నమూనాలో కొక్కెం ఒక వైపు మాత్రమే పడుతుంది గనుక తప్పు పద్ధతిలో గొలుసు కట్టాలన్నా కుదరదు. ఎనిమిది పూసలు కట్టేలోపల ఏడుసార్లు గొలుసంతా ఎత్తి పక్కకు మార్చవలసి వచ్చినప్పుడు, ఇంత శ్రమ ఎందుకని ఒక విద్యార్థిని అడిగింది. బాక్టీరియా రైబోసోమ్ ఈ శ్రమను సెకనుకు 15 నుంచి 20 సార్లు చేస్తుంది. మా బల్ల మీద ఒక్కో పూసకు అర నిమిషం పట్టింది; ఆ లెక్కన 300 అమైనో ఆమ్లాల ప్రోటీన్‌కు మాకు రెండున్నర గంటలు కావాలి, కణానికి 20 సెకన్లలోపే చాలు.

ఏ పూసనైనా ఏ టీఆర్‌ఎన్‌ఏకైనా తగిలించవచ్చన్నది మొదట లోపంగా తోచింది. తరువాత ఆలోచిస్తే అదే దీనిలోని మంచి గుణమని అర్థమయింది. మా రిబ్బనులో మూడవ కోడాన్ యూజీసీ, అంటే సిస్టీన్. ఒకసారి ఎవరో దాని టీఆర్‌ఎన్‌ఏకు పొరపాటున అలనీన్ పూస తగిలించారు. నమూనా ఏ అభ్యంతరమూ చెప్పకుండా అలనీన్‌ను గొలుసులోకి తీసుకుంది. 1962లో షాపెవిల్, లిప్‌మన్ తదితరులు చేసిన ప్రయోగం కూడా అచ్చంగా ఇదే. సిస్టీన్ టీఆర్‌ఎన్‌ఏ మీద ఉన్న సిస్టీన్‌ను రసాయనికంగా అలనీన్‌గా మార్చి ఇస్తే, రైబోసోమ్ ఆ తేడా పట్టుకోలేక సిస్టీన్ ఉండవలసిన చోట అలనీన్‌ను కూర్చింది. రైబోసోమ్ పరీక్షించేది కోడాన్‌కూ యాంటీకోడాన్‌కూ జత కుదిరిందా లేదా అన్నదే. 16ఎస్ ఆర్‌ఎన్‌ఏలోని 1492, 1493 స్థానాల అడినీన్ అనే అక్షరాలు బయటికి మళ్ళి ఆ జత వెడల్పును తడిమి చూస్తాయి. టీఆర్‌ఎన్‌ఏ మీద సరైన సరుకు ఎక్కిందా లేదా అని చూసే బాధ్యత, ముందే దాన్ని ఎక్కించిన ఎంజైమ్‌లది.

రిబ్బను గురించి రెండు మాటలు. అది చిన్న ఉపప్రమాణపు మెడ చుట్టూ తిరిగి వెళ్ళేలా గాడి తవ్వారు, ఇది సరిగ్గా ఉన్నది. ఆ గాడికి పళ్ళు లేకపోవడం వల్ల రిబ్బను ఎంత లాగితే అంత జారుతుంది. అచ్చు వేసిన వరుస ఇది: ఏయూజీ, జీసీయూ, యూజీసీ, ఏఏఏ, జీఏయూ, యూఏఏ. రెండవ కోడాన్ దగ్గర ఒక విద్యార్థి మూడు అక్షరాలకు బదులు రెండే లాగాడు. అక్కడ నుంచి చదివినవి యూయూజీ, సీఏఏ, ఏజీఏ, యూయూఏ. సిస్టీన్ రావలసిన చోట ల్యూసిన్ వచ్చింది, ఆ తరువాతివన్నీ మారిపోయాయి, ఆఖరున ఉండవలసిన, గొలుసు ముగింపును సూచించే స్టాప్ కోడాన్ (యూఏఏ) ఎవరికీ కనబడకుండానే రిబ్బను అయిపోయింది. అందరూ నవ్వారు గాని, స్టాప్ కోడాన్ లేకుండా కొసకు చేరిన రైబోసోమ్ అక్కడే ఇరుక్కుపోతుందనీ, దాన్ని విడిపించడానికి బాక్టీరియాలో సగం టీఆర్‌ఎన్‌ఏగా, సగం ఎంఆర్‌ఎన్‌ఏగా పనిచేసే ప్రత్యేకమైన ఆర్‌ఎన్‌ఏ ఒకటి ఉంటుందనీ చెప్పడానికి అంతకంటే మంచి సందర్భం దొరకదు. నమూనాలో పళ్ళు లేకపోవడాన్ని నేను ఇప్పుడు ఫిర్యాదు కింద లెక్కించడం లేదు.

స్టాప్ కోడాన్ మాట వచ్చింది గనుక, పెట్టెలో విడుదల కారకం లేకపోవడం మాత్రం కచ్చితంగా ఫిర్యాదే. యూఏఏకు తగిన టీఆర్‌ఎన్‌ఏ ఏది అని విద్యార్థులు పెట్టెలో వెతుకుతారు. అలాంటిది లేదు, ‘ఏ’ గదిలోకి ఆ సమయంలో విడుదల కారకమనే ప్రోటీన్ వస్తుంది, దాని కొస పీ గదిలోని గొలుసు దాకా చేరి నీటి అణువుతో ఆ గొలుసును తెంపిస్తుంది. పాఠం ముగిసే ఘట్టానికి కావలసిన వస్తువే లేకపోతే ఎలా? నేను అట్టముక్కను టీఆర్‌ఎన్‌ఏ పొడవుకు కత్తిరించి వాడుతున్నాను. చూడడానికి బాగుండదు గాని పని జరుగుతుంది.

కదలిక దగ్గర నమూనా మరోసారి తడబడింది. రెండు ఉపప్రమాణాలను కలిపేందుకు నాలుగు పలకల మేకు పెట్టారు, అందువల్ల అవి ఒకదాని మీద ఒకటి తిరగవు. రైబోసోమ్ బిగుసుకుపోయిన రెండు ముక్కలు కాదు. టీఆర్‌ఎన్‌ఏలు ఒక గది నుంచి మరొక గదికి మారేటప్పుడు చిన్న ఉపప్రమాణం పెద్దదాని మీద ఆరు డిగ్రీలకు అటూ ఇటూగా తిరిగి మళ్ళీ యథాస్థానానికి వస్తుందని 2000లో యోవాకిమ్ ఫ్రాంక్, రాజేంద్ర అగ్రవాల్ క్రయో ఎలక్ట్రాన్ మైక్రోస్కోపీ (గడ్డకట్టించిన అణువులను ఎలక్ట్రాన్‌లతో చూసే పద్ధతి) ద్వారా చూపారు. ఆరు డిగ్రీలు ఏపాటి అనిపించవచ్చు. ఈ నమూనా అంచు దగ్గర అది సెంటీమీటరు జరుగుదల. టీఆర్‌ఎన్‌ఏల పై కొసలు ముందుగా తరువాతి గదిలోకి ఒరిగి, కింది కొసలు ఆ తరువాత జరుగుతాయన్న విషయాన్ని మాత్రం అయస్కాంతాల పుణ్యమా అని చక్కగా చూపవచ్చు, ఎందుకంటే పై కొస అయస్కాంతం మీద జారుతుంది, కింది కొస గుంటలో నిలుస్తుంది. మేకును ఆకురాయితో గుండ్రంగా అరగదీసిన తరువాత ఉపప్రమాణం కూడా తిరగసాగింది.

ఎర్ర మేకుల ఆలోచన బాగుంది, అమలు కూడా బాగుంది. స్ట్రెప్టోమైసిన్, టెట్రాసైక్లిన్ మేకులు చిన్న ఉపప్రమాణంలో దిగుతాయి, క్లోరామ్‌ఫెనికాల్ బంధం ఏర్పడే చోట, ఎరిథ్రోమైసిన్ గొలుసు బయటికి పోయే సొరంగంలో దిగుతాయి. టెట్రాసైక్లిన్ మేకు పెడితే ‘ఏ’ గదిలోకి టీఆర్‌ఎన్‌ఏ దిగదు, ఎరిథ్రోమైసిన్ పెడితే గొలుసు కొన్ని పూసల తరువాత ఆగిపోతుంది; ఔషధం పనిచేసే తీరును వేలితో తడిమి తెలుసుకోవచ్చు. మన కణద్రవ్యంలోని రైబోసోమ్‌లను ఎరిథ్రోమైసిన్ ఎందుకు వదిలేస్తుందన్న ప్రశ్నకు పుస్తకంలో జవాబు లేదు. బాక్టీరియా 23ఎస్ ఆర్‌ఎన్‌ఏలో 2058వ స్థానంలో అడినీన్ ఉంటుంది, మన కణద్రవ్యపు రైబోసోమ్‌లో అదే చోట గ్వానీన్ ఉంటుంది; ప్రధానమైన తేడా ఆ ఒక్క అక్షరమే. ఆ అడినీన్‌కు ఒక మిథైల్ సమూహాన్ని తగిలించుకున్న బాక్టీరియా కూడా ఔషధాన్ని తప్పించుకుంటుంది.

పుస్తకం ఈ పెట్టె స్థాయికి తగినది కాదు. బాక్టీరియా రైబోసోమ్‌కు గుర్తైన 70ఎస్ అంటే 70 యూనిట్ల బరువు అని మొదటి పేజీలోనే రాశారు. ఎస్ అన్నది బరువుకు కొలత కాదు, అపకేంద్ర యంత్రంలో కణిక ఎంత వేగంగా అడుగుకు చేరుతుందో చెప్పే స్వెడ్‌బర్గ్ ప్రమాణం. ఆ వేగం బరువుతో పాటు ఆకారం మీద కూడా ఆధారపడుతుంది. పెద్ద ఉపప్రమాణపు 50ఎస్, చిన్నదాని 30ఎస్ కలిస్తే 80 కాకుండా 70 ఎందుకైందని ప్రతి ఏటా ఎవరో ఒకరు అడుగుతారు, ఈ పుస్తకం చదివినవారికి ఆ సందేహం ఇంకా ముదురుతుంది. స్వేచ్ఛగా ఉండే రైబోసోమ్‌లూ, కణం లోపలి పొరల వల అయిన అంతర్జీవద్రవ్య జాలానికి అంటుకున్నవీ రెండు రకాలన్న మాట కూడా తప్పే. రైబోసోమ్ ఒక్కటే, అది తయారుచేస్తున్న గొలుసు మొదట్లో ఉండే సంకేత భాగం దాన్ని జాలం దగ్గరికి తీసుకుపోతుంది, గుంటర్ బ్లోబెల్‌కు 1999లో నోబెల్ బహుమతి వచ్చినది ఈ కోవలోని పనికే. చరిత్ర పేజీ ఫరవాలేదు: 1955లో జార్జ్ పలాడే ఈ కణికలను వర్ణించడం నుంచి 2009లో వెంకటరామన్ రామకృష్ణన్, థామస్ స్టైట్జ్, అడా యోనత్‌లకు రసాయనశాస్త్ర నోబెల్ రావడం దాకా తేదీలన్నీ సరిగ్గా ఉన్నాయి.

మన రైబోసోమ్ గురించి తెలుసుకోవాలనుకునేవారు దీన్ని తీసుకోవడం దండగ. మన కణద్రవ్యంలోని 80ఎస్ రైబోసోమ్‌లో ప్రోటీన్‌లు 80 దాకా ఉంటాయి, ఆర్‌ఎన్‌ఏలు నాలుగు, పైపెచ్చు ఉపరితలం నుంచి బయటికి చాచుకున్న ఆర్‌ఎన్‌ఏ పొడిగింపులు ఉంటాయి. వీటిలో ఏదీ ఇక్కడ లేదు. నడిమి భాగం రెండింటిలోనూ ఒకే తీరుగా ఉంటుంది గనుక ప్రోటీన్ ఎలా తయారవుతుందో చెప్పడానికి మాత్రం ఇది చాలు. చిన్న తరగతుల పిల్లలకు ఇన్ని భాగాలు గందరగోళం కలిగిస్తాయి. ఇంటర్మీడియట్, ఆపై స్థాయి విద్యార్థులకు, అదీ ఒక రంగు డబ్బా, ఒక ఆకురాయి దగ్గర ఉంచుకోగల ఉపాధ్యాయుడు ఉంటే, నేను సంకోచం లేకుండా సిఫారసు చేస్తాను.

ఇక మిగిలింది సొరంగం. పెద్ద ఉపప్రమాణాన్ని రెండుగా విడదీస్తే, బంధం ఏర్పడే చోటు నుంచి వెనుక వైపుకు తొమ్మిది సెంటీమీటర్ల సొరంగం కనబడుతుంది. అసలుది 80 నుంచి 100 ఆంగ్‌స్ట్రామ్‌లు గనుక పొడవు సరిపోయింది. వెడల్పు 10 నుంచి 20 మిల్లీమీటర్లు ఉండవలసినది, రెండు ప్రోటీన్‌లు ఇరువైపుల నుంచి చొచ్చుకొచ్చే ఇరుకు దగ్గర ఏడుకు దిగజారింది. పెట్టెలోని పూసల వెడల్పు ఎనిమిది. మొదటి తరగతి రోజున మూడవ పూస అక్కడ ఇరుక్కుంటే పెన్సిల్‌తో పొడిచి తీయవలసి వచ్చింది. సొరంగాన్ని తొలిచే ధైర్యం లేక నాలుగు మిల్లీమీటర్ల పూసలు వేరుగా తెచ్చి, సన్నని తీగతో కొక్కేలు చేసుకున్నాను. సాగదీసిన గొలుసులో ఒక అమైనో ఆమ్లం ఆక్రమించే పొడవు మూడున్నర ఆంగ్‌స్ట్రామ్‌లు, కాబట్టి ఈ పూసలే కొలతకు దగ్గరివి కూడా. ఇప్పుడు ఇరవైకి పైగా పూసలు కట్టినా వెనుక రంధ్రం దగ్గర ఏమీ కనబడదు. ఆ తరువాతనే మెథియోనిన్ అని గుర్తుపెట్టుకున్న పసుపు పూస మెల్లగా తల బయట పెడుతుంది.